దొరకు చూపించిన నాలుగు మలుపులు

ఫియోర్డు అనే మాట వింటే నాకు కంపరం. భూగోళం పుస్తకంలో ఆ పాఠం ఉండేది. కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చి మైళ్లకు మైళ్లు లోపలికి పోయి పడుకుంటుంది, దాన్ని ఫియోర్డు అంటారు, చాలా అందంగా ఉంటుంది, చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. పిల్లలకు ఈ నాలుగు ముక్కలూ చెప్పి గబగబా తర్వాతి పాఠంలోకి పోయేవాణ్ని. "అందం సంగతి పరీక్షలో రాదు, రాసుకోకండి" అనేవాణ్ని. ఎందుకు సార్ అని ఒకడు అడిగితే వాణ్ని బెంచీ ఎక్కించాను. వాడు చేసిన తప్పేమీ లేదు.

మాది పోచంపల్లి. ఇంట్లో మగ్గం, చుట్టూ నూలు, రంగులు, గంజి వాసన. చదువుకుని పంతులునయ్యాను కదా, ఇంటి దగ్గరే నౌకరీ ఇస్తారనుకున్నాను. ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో నన్ను తీసుకెళ్లి పాలమూరు జిల్లా చివర, కొల్లాపూర్ కూడా దాటి, కృష్ణ ఒడ్డున ఒక పల్లెలో పడేశారు. బస్సు లేదు, బజారు లేదు. ఎటు చూసినా ఎండు చేపలు. వాకిట్లో చేపలు, గోడ మీద చేపలు, బడికొచ్చే పిల్లల చొక్కాల్లో చేపల వాసన. నా భార్య మొదటి నెలంతా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే వంట చేసింది. "గీ ఊళ్లె ఇంకో ఏడాది ఉంటే నేను మా అవ్వగారింటికి పోత" అని పొద్దునోసారి, మాపునోసారి అనేది. నాకూ అలాగే ఉండేది. ఉతికిన తెల్ల పంచె కట్టుకుని ఆ ఊళ్లో నడవడమంటే ఏదో శిక్ష అనుభవిస్తున్నట్టుండేది.

అన్నిటికంటే ఎక్కువ చీదర పుట్టించింది పుట్టి. వెదురు బద్దలతో అల్లి, పైన బర్రె తోలు బిగించి, తారు పూసిన గుండ్రటి పడవ. పెద్ద గంప అనుకోండి. తడిసిన తోలు కంపు ముక్కు పగలగొట్టేది. దానికి ముందూ వెనకా ఉండవు. నీళ్లలో గిర్రున తిరుగుతూ పోతుంది. ప్రవాహం ఎటు పోతే అటు హాయిగా పోతుంది గానీ ఎదురు పోదు. అందుకని కిందికి పోయిన మనిషి తిరిగి వచ్చేటప్పుడు పుట్టిని నెత్తికెత్తుకుని ఒడ్డున రాళ్ల మీద నడుచుకుంటూ రావాల్సిందే. కిందికి గంట పోతే పైకి మూడు గంటలు పడుతుంది. ఆ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలిసిన లెక్క ఇది. నాకూ తెలుసు. తెలియదని చెప్పుకోను.

వానలు వెనకబట్టి నది కాస్త తెరిపిన పడ్డ రోజుల్లో కొల్లాపూర్ బంగళా నుంచి కబురొచ్చింది. నది మీద ఆనకట్టల పని చూడటానికి పై దేశం నుంచి ఒక పెద్ద ఇంజనీరు దొర వచ్చాడు, వెంట దొరసాని కూడా ఉంది, వాళ్లకు నల్లమల కొండల మధ్య కృష్ణను చూడాలని ఉంది, పుట్టి సిద్ధంగా పెట్టండి అని. వెంట రావాల్సిన మన అధికారికి నీళ్లంటే భయం. ఇంగ్లీషు వచ్చినవాణ్ని ఎవర్నైనా పంపండి అని బంగళాలోనే ఉండిపోయాడు. ఆ చుట్టుపక్కల ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. ఆ రాత్రి నా భార్య పంచెకు గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. దొర గనక పంతులు మంచివాడు, పనికొచ్చేవాడు అని ఒక చీటీ రాసిస్తే, అది బదిలీ దరఖాస్తుకు జత చేయొచ్చని మా ఇద్దరి ఆశ.

పొద్దున్నే జీపు వచ్చింది. దొర పొడుగ్గా, ఎర్రగా, మెత్తటి మాటల మనిషి. దొరసాని చేతిలో ఫోటోల పుస్తకం ఉంది. జీపు బానెట్ మీద దాన్ని తెరిచి నాకు చూపించారు. అన్నీ ఫియోర్డులే. వాళ్ల దేశంవి, ఇంకా ఉత్తరానివి, భూమికి అడుగున ఎక్కడో ఉన్న దేశాలవి. సెలవు దొరికితే చాలు, ఎక్కడ ఫియోర్డు ఉంటే అక్కడికి పోతారట. కొండలు, మంచు, సిరా పోసినట్టు నల్లటి నీళ్లు. ఒక్క ఫోటోలో కూడా మనిషి లేడు. "ఎంత అందమో చూడండి" అంది దొరసాని. "చాలా అందం మేడం" అని పళ్లికిలించాను. నాకు అప్పుడు కనిపించింది చీటీ ఒక్కటే.

పుట్టి నడిపే పెద్దాయన ఒడ్డున నిలబడి ఉన్నాడు. బెస్తాయన, యాభై దాటి ఉంటాయి. ఊళ్లో ఉన్నవి రెండు పుట్లు. ఒకదాని తోలు చివికిపోయి బోర్లా పడి ఉంది. మిగిలింది ఈయనది ఒక్కటే. నన్ను చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"సారూ, మా బిడ్డకు రాత్రి సంది నొప్పులు లేస్తున్నయ్. తొలుసూరు కాన్పు. మంత్రసాని ఆవలి ఒడ్డున ఉన్నది. పొద్దు నెత్తిమీదికి రాకముందే పుట్టిల తోలుకరావాలె. గీ మొదటి మలుపు దాంక చూపిచ్చి వాపసు మళ్లుత. దొరకు జర చెప్పు సారూ, నీ కాళ్లు మొక్కుత."

"చెప్తలే పెద్దయ్యా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

దొర అడిగాడు, ఏమంటున్నాడు అని.

ఇక్కడే నా నోరు పడిపోయింది. మా ఇళ్లల్లో కాన్పు మాట మగవాళ్ల నోట రాదు. మా అక్క లోపల నొప్పులు పడుతుంటే బాపు మగ్గం గుంటలో కూర్చుని నేస్తూనే ఉన్నాడు. పసిపాప ఏడుపు వినిపించేదాకా ఎవర్నీ ఒక్క మాట అడగలేదు. అదే మర్యాద అనుకునేవాళ్లం. కన్నతల్లి ముందు కూడా ఎత్తని మాట, పరాయి దేశపు ఆడమనిషి ముందు, ఇంగ్లీషులో ఎట్లా ఎత్తను? డెలివరీ అనే మాట తెలియక కాదు. సిగ్గు. దానికి తోడు ఇంకోటి కూడా ఉంది. పొద్దుపొద్దున్నే కాన్పులూ కష్టాలూ చెబితే దొర మొహం ముడుచుకుంటాడేమో, ప్రయాణం మానుకుంటాడేమో, చీటీ పోతుందేమో.

"ఇంటి దగ్గర ఏదో చిన్న పని ఉందట సార్" అన్నాను.

"అలాగా, మధ్యాహ్నానికి వచ్చేద్దాం" అన్నాడు దొర.

పెద్దాయన నా మొహంలోకి చూశాడు. "చెప్పినవా సారూ?"

"చెప్పిన."

అంతే. ఆ ఒక్క మాటతో పుట్టి ఎక్కాం.

మొదటి మలుపు తిరగగానే రెండు పక్కలా కొండలు లేచాయి. ఎర్రటి రాతి గోడలు, వాటి చీలికల్లోంచి వేలాడే చెట్లు, కింద పచ్చగా, కదలనట్టు కనిపించే నీళ్లు. ఇసుక మీద ఒక మొసలి నోరు తెరుచుకుని పడుకుని ఉంది. దొరసాని ఊపిరి బిగబట్టింది. దొర లేచి నిలబడబోయాడు, పుట్టి ఊగింది, మళ్లీ కూర్చున్నాడు. ఇది అచ్చం మా ఫియోర్డే అన్నాడు. ఉత్తరాన ఒకచోట ఎండాకాలంలో పొద్దే గుంకదట, అక్కడ కూడా ఇలాంటి గోడలేనట. నేను మధ్యమధ్యలో "అవునా సార్" అంటున్నాను. పుట్టి అడుగున ఊరిన నీళ్లు నా పంచె అంచును తడుపుతున్నాయి. తోలు కంపు పడక మొహం పక్కకు తిప్పుకున్నాను.

పెద్దాయన తెడ్డుతో పుట్టిని ఒడ్డు వైపు తిప్పాడు. దొర చెయ్యెత్తాడు. ఇంకొక్క మలుపు చూడొచ్చా, ఆయన పనికి ఆలస్యమవుతుందేమో కనుక్కోండి అన్నాడు. చూశారా, కనుక్కోమన్నాడు. ఆ మనిషి అడిగాడు.

నేను పెద్దాయనతో అన్నాను, "ఇంకో మలుపు చూస్తరట."

"బిడ్డ సంగతి ఎరుకేనా ఆయనకు?"

"ఎరుకే."

ఆయన తలెత్తి పొద్దు ఎంత ఎక్కిందో చూశాడు. తర్వాత పుట్టిని ప్రవాహంలోకి తిప్పాడు. దొర నావైపు చూశాడు. "పర్వాలేదు సార్" అన్నాను.

రెండో మలుపు దాటాక పెద్దాయన ఇంకేమీ అడగలేదు. మూడో మలుపులో కొండ మీంచి సన్నటి నీటి ధార పడుతోంది. అక్కడ దిగి తిందామన్నారు. దొరసాని డబ్బా తీసి రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు అందరికీ పంచింది. పెద్దాయనకు కూడా తనే లేచి వెళ్లి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో తీసుకుని పక్కన రాయి మీద పెట్టాడు, ముట్టలేదు. మేం వచ్చిన వైపే చూస్తూ గొంతుక్కూర్చున్నాడు. ఆయనకు ఆకలి లేదా అని అడిగింది దొరసాని. వీళ్లు ఎదుటివాళ్ల ముందు తినరు మేడం అన్నాను. నేను మాత్రం రెండు గుడ్లు తిన్నాను. థూ, ఆ గుడ్లు నాకెట్లా దిగాయో!

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. నాకు ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. ఇప్పుడు చెప్పేద్దామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. కానీ ఇప్పుడు చెబితే ముందెందుకు చెప్పలేదంటారు. చెప్పకుండా గడిచిన ప్రతి గడియా ఆ మాటను ఇంకా బరువు చేసింది. నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నవాడిలా ఉండిపోయాను. మనసులో మాత్రం దొరనే తిట్టుకున్నాను. అందమట అందం, గాడిద గుడ్డు! ఊళ్లో ఒక ఆడపిల్ల చావుబతుకుల్లో ఉంటే వీళ్లకు కొండలూ నీళ్లూ కావాల్సొచ్చాయి. అలా తిట్టుకుంటే కాస్త తేలిగ్గా ఉండేది.

నాలుగో మలుపు కూడా చూశాం. లోకంలో ఎన్నో చూశాను గానీ దీనికి సాటి వచ్చేవి రెండో మూడో అన్నాడు దొర. దొరసాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు తిరుగు నడక. పెద్దాయన పుట్టిని నీళ్లలోంచి లాగి, బోర్లించి, దాని కిందికి దూరి నెత్తికెత్తుకున్నాడు. నీళ్లు పీల్చిన తోలు, మామూలుగా ఇద్దరు మోసే బరువు. గంప కింద కమ్మిన కోడిలా లోపల మనిషి కనబడకుండా రెండు కాళ్లు మాత్రమే నడుస్తున్నాయి. అప్పుడు గానీ దొరకు అర్థం కాలేదు. ఇంత దూరమూ ఈయన దీన్ని మోయాలా, ఈ సంగతి మాకెవరూ చెప్పలేదే అన్నాడు. వెంటనే వెళ్లి ఒక పక్క చెయ్యి వేశాడు. రాళ్ల మీద బూట్లు జారుతుంటే కూడా వదల్లేదు. నేను చెయ్యి వెయ్యలేదు. నా పంచెకు తారు అంటుతుంది. ఇది రాయడానికి కూడా నాకు అసహ్యంగానే ఉంది, కానీ జరిగింది అదే.

పెద్దాయన ఎక్కడా ఆగలేదు. దొర ఆయాసంతో రెండుసార్లు ఆగాడు, పెద్దాయన ఆగలేదు. పుట్టి కింద నుంచి ఊపిరి మాత్రం పెద్దగా వినిపించేది. ఒకచోట ముందుకు పడబోయి మోకాలు కొట్టుకుని లేచాడు. రక్తం కారుతున్నా చూసుకోలేదు.

ఊరి రేవుకు చేరేసరికి పొద్దు కొండల వెనక్కి దిగుతోంది. పెద్దాయన భార్య ఏడుస్తూ ఎదురొచ్చింది. "పగటీలి సంది నొప్పులు ఆగిపోయినయ్. పిల్ల కండ్లు తెరుస్తలేదు. ఇంతసేపు ఏం జేసినవయ్యా" అని గుండెలు బాదుకుంది. జీపులో కొల్లాపూర్ దవాఖానకు తీసుకుపొమ్మని డ్రైవర్ను పొద్దంతా బతిమాలుకుందట. దొర హుకుం లేనిదే బండి కదల్చనన్నాడట వాడు. పెద్దాయన పుట్టిని అలాగే నీళ్లలోకి తోసి, ఎక్కి, ఆవలి ఒడ్డుకు తెడ్డు వేశాడు.

ఏం జరుగుతోంది అని దొర అడిగాడు. అప్పుడొచ్చింది నా నోటికి ఇంగ్లీషు. ఆయన కూతురికి కాన్పు కష్టమైంది సార్, రాత్రి నుంచి నొప్పులు, మంత్రసాని కోసం అవతలికి పోతున్నాడు అని గడగడా చెప్పాను. సిగ్గేమీ అడ్డం రాలేదు.

దొరసాని మొహం పాలిపోయింది. "పొద్దున ఆయన చెప్పింది ఇదేనా?" అని అడిగింది.

"కాదు మేడం. నాకూ ఇప్పుడే తెలిసింది."

"పొద్దున్నుంచీ జీపు ఇక్కడే ఊరికే నిలబడి ఉంది" అన్నాడు దొర. ఎవరితోనూ కాదు, తనలో తనే అనుకున్నట్టు అన్నాడు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ నన్ను చూడనే లేదు. దొరసాని ఆ చేపల వాసన గుడిసెలోకి ముక్కు మూసుకోకుండా వంగి వెళ్లింది. ఆడవాళ్లతో కలిసి పిల్లను దుప్పటిలో ఎత్తి జీపులోకి చేర్చింది. పిల్ల తల్లి కూడా పక్కన ఎక్కింది. పిల్ల తల దొరసాని ఒడిలో ఉంది. దొర ముందు కూర్చున్నాడు. నేను దుమ్ములో నిలబడ్డాను. పెద్దాయన మంత్రసానిని తీసుకొచ్చేసరికి జీపు పోయి చాలాసేపయింది. ఆ ముసలామె రేవులోనే కూలబడింది.

పిల్ల బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు. మగబిడ్డ అట. మధ్యాహ్నం తెచ్చినా దక్కేదన్నారట దవాఖానలో.

నాలుగు రోజులకు బంగళా నుంచి నాకు ఒక కవరు వచ్చింది. చీటీ రాశాడు దొర. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు, ఓపికగా వెంట ఉన్నాడు అని రెండే ముక్కలు. మా ఆవిడ దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టింది. దరఖాస్తుకు జత చేసి పంపాను. చించి పారేశానని రాసుకుంటే బాగుండేది గానీ పంపాను. మరుసటి ఏడాది పోచంపల్లి దగ్గరికి బదిలీ కూడా అయింది. అది చీటీ వల్లనో, నా వంతు రావడం వల్లనో తెలియదు.

అయితే నేను చెప్పాలనుకున్నది అది కాదు. మైల రోజులు తీరి పెద్దాయన మళ్లీ నదిలోకి దిగిన నాడు, బడి వదిలే వేళకు మా ఇంటికి వచ్చాడు. మోకాలికి ఇంకా గుడ్డ కట్టే ఉంది. చేతిలో తామరాకులో చుట్టిన పెద్ద చేప. గడప బయటే నిలబడ్డాడు.

"దీన్ని తీస్కో సారూ. ఇయ్యాల వలల పడ్డ మొదటి చాప."

"నాకెందుకు పెద్దయ్యా" అన్నాను.

"గా దినం నువ్వు మా కోసం నోరు ఇడిచి అడిగినవు. ఒక్కసారి గాదు, రెండుసార్లు చెప్పినవు. ఆళ్లది రాయి గుండె, ఇనలే. దానికి నువ్వేం జేస్తవు? మా ఇంటిది కూడా గదే అంటది, సారు మన మనిషి అని."

అప్పుడైనా చెప్పొచ్చు. ఎదురుగా దొర లేడు, దొరసాని లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. మా భాషలోనే, రెండు మాటలు. దొరకు చెప్పలేదు పెద్దయ్యా, చెప్పి ఉంటే పొద్దున్నే జీపులో పంపేవాడు అని. నేను చేతులు చాచి చేపను తీసుకున్నాను. ఆయన నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

"ఎందుకు తెచ్చిచ్చిండు?" అని అడిగింది నా భార్య.

"ఊకెనే" అన్నాను.

ఆమె చింతపండు పులుసు పెట్టింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం అప్పటికే మానేసింది. బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. ఇంకో ముక్క అడిగి పెట్టించుకుని తిన్నాను.